గ్రేడింగ్ విధానం మారితే ప్రశ్నపత్రం ఎందుకు మారిపోతుంది?

(ఇది కలంపేర్లతో సాగిన చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి కలంపేరు.)

సుద్దముక్క

ఒక బడి గ్రేడింగ్ విధానం ఇలా ఉందనుకుందాం. టర్ముకు ప్రతి సబ్జెక్టులో కనీసం 10 సార్లు మార్కులు నమోదు చేయాలి. రోజువారీ పనికి (హోమ్‌వర్క్, స్లిప్ టెస్టులు, ప్రాజెక్టు) 40 శాతం, టర్ము పరీక్షకు 60 శాతం. పని ఇవ్వకపోతే సున్నా. ఆలస్యమైతే రోజుకు 10 శాతం కోత. తప్పినవాళ్లకు ఒక రీటెస్టు. చివర అంతా నూటికి లెక్కగట్టి అక్షర గ్రేడు వేయాలి. 60 వస్తే పాస్.

ఇందులో ఎక్కడా "ఫలానా రకం ప్రశ్నలే ఇవ్వండి" అని లేదు. అయినా ఇలాంటిది అమల్లోకి వస్తే స్లిప్ టెస్టుల్లో వ్యాసరూప ప్రశ్నలు తగ్గుతాయి, మౌఖిక పరీక్ష కనబడదు, ప్రాజెక్టులో దాదాపు అందరికీ 20కి 18 పడతాయి. టీచర్లను తిట్టడం, పిల్లలను తిట్టడం కాసేపు పక్కన పెట్టి, ఏ నిబంధన దేన్ని మారుస్తుందో ఒక్కొక్కటే విప్పి చూద్దాం. సొంత అనుభవాల కంటే లెక్కలు రాస్తే ఎక్కువమందికి పనికొస్తుంది.

ఎర్ర సిరా

మొదటి నిబంధన దగ్గరే సగం తేలిపోతుంది. ఒక టీచరుకు 5 సెక్షన్లు, సెక్షనుకు 40 మంది అంటే 200 మంది. 10 నమోదులంటే 2,000 పత్రాలు. నాలుగు వాక్యాల వివరణ అడిగిన పేపరు దిద్దడానికి, తప్పు దగ్గర ఒక మాట రాయడానికి 3 నిమిషాలు పడుతుంది. మొత్తం 6,000 నిమిషాలు, అంటే 100 గంటలు. టర్ము 14 వారాలైతే వారానికి 7 గంటలకు పైనే, అదీ టర్ము పరీక్ష పేపర్లు కలపకుండా.

అదే ఖాళీలు పూరించడం, జతపరచడం, బహుళైచ్ఛిక ప్రశ్నలు ఇస్తే పేపరుకు అర నిమిషం. మొత్తం 17 గంటల్లోపు ముగుస్తుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకున్నాక ఎవరైనా ఏ రకం ఎంచుకుంటారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

దీనివల్ల పోయేది ఏమిటన్నదే అసలు సంగతి. అర నిమిషంలో దిద్దగలిగే ప్రశ్న జ్ఞాపకాన్ని బాగా పట్టుకుంటుంది. కారణం చెప్పడం, రెండు పద్ధతులను పోల్చడం, లెక్కలో మెట్టు మెట్టుగా వెళ్లడం లాంటివి దానికి చిక్కవు. మంచి బహుళైచ్ఛిక ప్రశ్నతో ఆలోచనను కూడా పరీక్షించవచ్చు, కాదనను. కానీ ప్రతి తప్పు ఐచ్ఛికం వెనకా ఒక నిజమైన పొరపాటు ఉండేలా అలాంటి ప్రశ్న తయారుచేయడానికి చాలా సమయం పడుతుంది. దిద్దడంలో మిగిల్చుకున్నది తయారీలో ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ.

భారత్వ పట్టిక

రెండో నిబంధనలో చాలామందికి కనబడని మెలిక ఒకటి ఉంది. కాగితం మీద 40:60 అని రాసినంత మాత్రాన భారత్వం (వెయిటేజీ) 40:60 కాదు. ఒక అంశం తుది ఫలితాన్ని ఎంత కదిలిస్తుందన్నది దాని శాతం మీదే కాకుండా, మార్కులు ఎంత చెదిరి ఉన్నాయన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

రోజువారీ పనిలో అందరికీ 85 నుంచి 95 మధ్యే పడ్డాయనుకోండి, ప్రామాణిక విచలనం (సగటు నుంచి మార్కులు ఎంత చెదిరాయో చెప్పే కొలత) 4. టర్ము పరీక్షలో 25 నుంచి 95 దాకా చెదిరాయి, విచలనం 16. ఇప్పుడు 0.4 × 4 = 1.6; 0.6 × 16 = 9.6. పిల్లల మధ్య తేడాను పరీక్ష ఆరు రెట్లు ఎక్కువగా నిర్ణయిస్తోంది. ఆ రెంటికీ సంబంధం లేదనుకుంటే, మొత్తం విస్తృతిలో (విచలనం వర్గంలో) రోజువారీ పని వాటా 3 శాతం కూడా ఉండదు (1.6 వర్గం 2.56, 9.6 వర్గం 92.16). పేరుకు మాత్రం 40.

ఇది టీచరు ఎంపికను రెండు రకాలుగా వంచుతుంది. ఒకటి, 40 శాతం ఎలాగూ ఎవరినీ వేరు చేయడం లేదు కాబట్టి దాని మీద శ్రద్ధ తగ్గి, అది మొక్కుబడి అవుతుంది. రెండోది, 60 శాతంలో పిల్లలు తప్పుతారన్న భయం ఉంటే, 40 శాతాన్ని మెత్తటి పరుపులా వాడతారు. రోజువారీ పనిలో 95 వచ్చిన పిల్లకు 38 పాయింట్లు చేతిలో ఉన్నట్టే. పాస్ కావడానికి ఇంకా 22 చాలు, అంటే టర్ము పరీక్షలో నూటికి 37. ప్రాజెక్టుకు అందరికీ 18 ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

వెనక బెంచి

అంటే టర్ము పరీక్షలో 37 వచ్చిన పిల్లకు, 60 వచ్చిన పిల్లకు రిపోర్టు కార్డు మీద ఒకే "పాస్". ఇక ఆ గ్రేడు దేని గురించి చెబుతున్నట్టు?

మధ్యగతం

సున్నా సంగతికి వద్దాం. ఐదు స్లిప్ టెస్టులు: 80, 75, 85, 80, 0. చివరిది రాయలేదు. సగటు 64. నాలుగు పరీక్షల్లో 75కి తగ్గని పిల్ల ఒక్క సున్నాతో అంచుకు వచ్చేసింది. మధ్యగతం (వరుసలో పెడితే నడుమ వచ్చే అంకె) తీసుకుంటే 80. పిల్లకు ఎంత వచ్చో చెప్పే అంకె ఏది? 80కి దగ్గరగా ఉన్నదే.

కారణం కొలబద్దలో ఉంది. 60 పాస్ అయినప్పుడు పై గ్రేడులకు ఒక్కోదానికి 10 పాయింట్ల వెడల్పు ఉంటే, తప్పినదానికి ఒక్కదానికే 60. సున్నా అంటే ఒక మెట్టు కిందకు దిగడం కాదు, ఆరు మెట్లు ఒకేసారి దొర్లడం. 0 నుంచి 4 దాకా ఉన్న కొలబద్దలో మెట్ల మధ్య దూరం సమానం కాబట్టి ఈ పేచీ రాదు.

మరి దీని నీడ ప్రశ్నపత్రం మీద ఎలా పడుతుంది? ఒక్క సున్నా ఇంత దెబ్బ తీస్తుందని తెలిసిన టీచరు, మూడు వారాల ప్రాజెక్టుకు 20 మార్కులు పెట్టడానికి జంకుతారు. అదే 20ని పది ముక్కలు చేసి, ముక్కకు 2 చొప్పున చిన్న చిన్న పనులుగా ఇస్తారు. సున్నా వచ్చినా నష్టం కొంచెమే. కానీ ముక్కలైన పనిలో పిల్లవాడు ఒక సమస్యను మొదటి నుంచి చివరిదాకా మోసుకెళ్లే అవకాశం పోయింది.

నిలువు గీత

సున్నాకు బదులు కనీసం 50 ఇవ్వాలన్న విధానాలు అందుకే పుట్టాయి. అదీ మందు కాదు. పది పనుల్లో ఐదు అసలు ఇవ్వని వాడికి ఐదు యాభైలు, ఇచ్చిన ఐదింటికి 70 చొప్పున వేయండి: 250 + 350 = 600. సగటు 60. సగం పని చేసి పాస్! పిల్లలకు ఈ లెక్క టీచర్ల కంటే ముందే తెలుస్తుంది.

దాంతో టీచరు ఏం చేస్తారు? ఎగ్గొట్టడానికి వీల్లేకుండా పనంతా తరగతి గదిలోనే, తన కళ్ల ముందే చేయిస్తారు. 40 నిమిషాల పీరియడులో ఇమిడే పనులే మిగులుతాయి.

మధ్యగతం

ఒప్పుకుంటాను. 50 కూడా అబద్ధపు అంకే. సున్నా "ఏమీ రాదు" అంటుంది, 50 "సగం వచ్చు" అంటుంది. నిజానికి మన దగ్గర ఉన్నది ఖాళీ. ఖాళీని ఖాళీగానే రాయాలి: "ఇంకా ఇవ్వలేదు" అనే గుర్తు, దానికి గడువు, ఆ గడువులోపు చేయించే బాధ్యత ఎవరిది అన్న మాట. ఈ మూడోది రాయని చోట ఖాళీలు పేరుకుపోయి, టర్ము చివరి రోజు అన్నీ కలిపి సున్నాలైపోతాయి. నిబంధన మారింది అనుకుంటాం, గుట్ట మాత్రం అలాగే ఉంటుంది.

ఎర్ర సిరా

ఆలస్యపు కోత గురించి ఒక ముక్క. రోజుకు 10 శాతం అంటే 90 రావాల్సిన పని నాలుగు రోజులు ఆలస్యమైతే 50. పాస్ గీత దాటి కిందకు పోయింది. ఐదో రోజు ఇవ్వడానికి ఏ పిల్లకూ కారణం ఉండదు. కోత పెట్టింది పని రాబట్టడానికి, జరుగుతున్నది పని ఆగిపోవడం.

ఇంకో సమస్య ఉంది. ఆ 50 చూసిన తర్వాతి టీచరుకు ఈ పిల్లకు పాఠం రాలేదో, పుస్తకం ఇంట్లో మరిచిపోయిందో తెలియదు. క్రమశిక్షణకు వేరే గడి పెట్టండి. "గడువు పాటించడం: ఎప్పుడూ / తరచు / అరుదుగా". అది కూడా రిపోర్టులో అచ్చు వేయండి, అంతే గట్టిగా. కానీ సబ్జెక్టు మార్కులో కలపకండి.

హోమ్‌వర్క్‌కు మార్కులు వేయడమూ ఇలాంటిదే. సాధన చేసేటప్పుడు తప్పు రావడం సహజం. ఆ తప్పుకు మార్కు పోతుందంటే పిల్లలు తప్పు చేయరు, పక్కవాడి పుస్తకం చూసి రాస్తారు. అప్పుడు నలభై నోటుబుక్కుల్లోనూ ఒకే జవాబు, ఒకే అక్షరదోషంతో సహా. టీచరుకు దొరికే సమాచారం సున్నా.

ప్రయోగశాల

మౌఖిక పరీక్ష ఎందుకు పోయిందో నేను చెబుతాను. మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో గడులు ఉంటాయి: టెస్టు, హోమ్‌వర్క్, ప్రాజెక్టు. "మౌఖికం" లేదు, "ప్రయోగం చేస్తుండగా పరిశీలన" లేదు. గడి లేనిదానికి మార్కు లేదు, మార్కు లేనిదానికి సమయం లేదు. విధాన పత్రాన్ని కమిటీ రాస్తుంది, దాన్ని నిజంగా అమలు చేసేది ఆ డ్రాప్‌డౌన్ జాబితా.

పైగా తల్లిదండ్రులకు మార్కులు వెంటనే ఫోనులో కనబడే ఏర్పాటు ఉంటే, చిత్తుప్రతి దశలో వేసిన అంకె కూడా తీర్పులా కనిపిస్తుంది. సాయంత్రమే ఫోను వస్తుంది. దాంతో చిత్తుప్రతులు దిద్దడం మానేసి ఒకేసారి తుది ప్రతి తీసుకుంటారు.

మౌఖికం కుదరదనేవాళ్లకు లెక్క: 40 మందికి తలా 3 నిమిషాలు అంటే 120 నిమిషాలు. ఒకే ఊపులో చేస్తే మూడు పీరియడ్లు పోతాయి. రోజుకు ఆరుగురి చొప్పున, మిగతావాళ్లు రాతపనిలో ఉండగా చేస్తే రోజుకు 18 నిమిషాలు, ఏడు రోజుల్లో పూర్తి. అడిగే ప్రశ్నలు రెండే ఉండాలి: "ఇది ఎలా చేశావు?", "ఈ అంకె మారితే ఏమవుతుంది?" మూడు మెట్ల గుర్తు చాలు: సొంతంగా చెప్పింది, ఊతమిస్తే చెప్పింది, చెప్పలేదు. ఏడో రోజు పిల్లలకు ప్రశ్నలు ముందే తెలిసిపోతాయి కదా అని అడుగుతారు. రెండో ప్రశ్నలో అంకె రోజూ మారుస్తాం కాబట్టి తెలిసినా నష్టం లేదు, ఆలోచించి వస్తే ఇంకా మంచిది.

సుద్దముక్క

రీటెస్టు మీద ఎవరూ రాయలేదు. పూర్తి మార్కులు ఇవ్వాలా, రెండింటి సగటు తీసుకోవాలా, గరిష్ఠ పరిమితి పెట్టాలా? ప్రశ్నపత్రం మీద దేని ప్రభావం ఎలా ఉంటుంది?

భారత్వ పట్టిక

షరతుల్లేకుండా పూర్తి మార్కులిస్తే మొదటి పరీక్ష నమూనా పరీక్షగా మారుతుంది. చాలామంది చదవకుండా వచ్చి ప్రశ్నలు చూసి వెళతారు. టీచరుకు ప్రతి యూనిట్‌కు రెండు సమాన పత్రాలు కావాలి. అవి తయారుచేసే తీరిక లేక అంకెలు మాత్రం మార్చి అదే పేపరు ఇస్తారు. అక్కడే దెబ్బ తింటుంది.

ఉదాహరణకు భిన్నాల కూడిక. మొదటి పేపరులో హారాలు 4, 6. రీటెస్టులో 5, 10 పెట్టారు. అంకెలు మారాయి, కష్టం కూడా మారింది. 10, 5కి గుణిజం, కాబట్టి ఒక్క భిన్నాన్ని మారిస్తే సరిపోతుంది. 3, 5 పెట్టినా అంతే, రెండూ గుణించేస్తే క.సా.గు. వచ్చేస్తుంది. 4, 6కు సమానమైన జత 6, 8 లేదా 6, 9. రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉండాలి, ఒకటి మరొకదానికి గుణిజం కాకూడదు. సమాన పత్రం అంటే ఇదీ. ప్రతి ప్రశ్నకూ అభ్యసన ఫలితం (పిల్ల ఏం నేర్చుకోవాలన్నది), మెట్ల సంఖ్య, పొరపాటు దొర్లే చోటు ఈ మూడూ కలవాలి.

పని చేసే ఏర్పాటు ఒకటి చెబుతాను. రీటెస్టుకు ముందు పిల్ల తన పేపరులో తప్పిన ప్రతి ప్రశ్నకు "ఎక్కడ తప్పాను, ఎందుకు" అని రెండు వాక్యాలు రాసివ్వాలి. పేపరు చేతికిచ్చిన 7 పనిదినాల్లోపు. మొత్తం పేపరు మళ్లీ పెట్టకండి, తప్పిన ఫలితాల మీద మాత్రమే 6 నుంచి 8 ప్రశ్నలు, 20 నిమిషాలు. కొత్త మార్కు పాతదాన్ని తుడిచేస్తుంది. సగటు తీస్తే ఆలస్యంగా నేర్చుకున్న పిల్లకు ఎప్పటికీ శిక్షే: 40 వచ్చి తర్వాత 90 తెచ్చుకుంటే 65 అంటాం, ఆ 65 ఏ రోజునా ఆ పిల్ల స్థాయి కాదు.

దిద్దుబాటు కాగితం అడగగానే రీటెస్టుకు వచ్చేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, అది మంచిదే. కానీ నిజంగా సాయం కావాల్సిన పిల్ల ఆ కాగితమే రాయలేకపోవచ్చు. ఆమెకు కాగితం బదులు మాటల్లో చెప్పే వీలు ఉండాలి.

వెనక బెంచి

గరిష్ఠంగా 80 అని పరిమితి పెడితే 75 వచ్చిన పిల్లకు దక్కేది 5, 30 వచ్చిన పిల్లకు 50. అందరూ దాన్ని న్యాయం అంటారు. కానీ 75 వచ్చిన పిల్ల వదిలేసిన ఆ ఒక్క అంశమే తర్వాతి పాఠానికి పునాది అయితే? విధానం "చాల్లే" అని చెప్పినట్టే.

నిలువు గీత

మూల్యాంకనంలో నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక అనే తేడా పరిశోధకుడు మైఖేల్ స్క్రివెన్ 1967లో తెచ్చారు. అది విద్యాక్రమాలను మదింపు చేయడం గురించి. పిల్లల మూల్యాంకనానికి దాన్ని తర్వాత వాడుకున్నారు. నేర్చుకుంటుండగా దారి సరిచేయడానికి మొదటిది, నేర్చుకున్నాక తేల్చడానికి రెండోది. "ప్రతిదీ నమోదు చేయాలి" అన్న ఒక్క నిబంధనతో మొదటిది కూడా రెండోదైపోతుంది. పేరు మాత్రం నిర్మాణాత్మకమే.

పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేయాలి. కొందరు పిల్లలకు వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి గ్రేడు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లలో ఆసక్తి, పనితీరు మెరుగ్గా ఉన్నాయి. గ్రేడు పక్కన వ్యాఖ్య కూడా రాసినప్పుడు ఆ మేలు కనబడలేదు. మార్కు వేసి, పక్కన ఓపికగా నాలుగు లైన్లు రాసే టీచర్ల శ్రమ ఎటుపోతోందో ఊహించుకోండి. పిల్ల కన్ను ముందు అంకె మీద పడుతుంది, ఆ తర్వాత పక్కవాడి అంకె మీద పడుతుంది. వ్యాఖ్య దాకా వెళ్లదు.

ఎర్ర సిరా

ఒక్క ప్రయోగం పట్టుకుని మార్కులే రద్దు చేద్దామనేవాళ్లు బయల్దేరతారు, కాస్త ఆగుదాం. "ఇంకా బాగా రాయాలి" అన్నది కూడా వ్యాఖ్యే, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "రెండో మెట్టులో గుర్తు మార్చడం మరిచావు, 3, 5 లెక్కల్లో అది వెతికి సరిచెయ్" అన్నది పని చేయించే వ్యాఖ్య. విధానం వ్యాఖ్యలకు చోటిచ్చినా, తరగతిలో ఆ సరిచేసే 10 నిమిషాలు ఇవ్వకపోతే వృథా. మార్కును రెండు రోజులు ఆపి, ముందు వ్యాఖ్య ఉన్న పేపరు ఇచ్చి, సరిచేశాక మార్కు చెప్పడం ఎక్కువ విధానాల్లో ఇమిడిపోతుంది. నమోదు గడువు 48 గంటలు అన్న నిబంధన ఉంటే మాత్రం అది కూడా కుదరదు. చిన్న నిబంధనే, చూడండి ఎంత దూరం పోతోందో.

మధ్యగతం

నూటికి లెక్కగట్టడం మీద. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు అమెరికాలో ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని వంద మందికి పైగా టీచర్లతో దిద్దించారు. మార్కులు 64 నుంచి 98 దాకా వచ్చాయి. ఇంగ్లిష్ కాబట్టి అలా అన్నారు జనం. మరుసటి ఏడాది రేఖాగణితం పేపరుతో చూపించారు, అది ఇంకా ఘోరం: 28 నుంచి 95. ఒకరు జవాబుకే మార్కులిచ్చారు, ఒకరు మెట్లకు ఇచ్చారు, ఒకరు అందంగా రాయనందుకు కోశారు.

నూటొక్క మెట్ల కొలబద్ద ఇచ్చి "73 ఎందుకు, 76 ఎందుకు కాదు" అని అడిగితే జవాబు ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి టీచరు వాదనకు తావులేని ప్రశ్నల వైపు జరుగుతారు. తప్పో ఒప్పో తేలే ప్రశ్నకు పేచీ ఉండదు. ఫిర్యాదుల విధానం ఎంత కఠినంగా ఉంటే ప్రశ్నలు అంత ఇరుకవుతాయి.

గీత దగ్గర జరిగేది ఇంకో తమాషా. 25 మార్కుల టెస్టులో ఒక 2 మార్కుల ప్రశ్న అంటే 8 శాతం. 58కి, 60కి మధ్య తేడా ఆ ఒక్క ప్రశ్నలో పావు వంతు. కొలత ఆ తేడాను పట్టుకోలేదు, గ్రేడు మాత్రం దాన్ని పాస్, ఫెయిల్ అంటుంది. అందుకే టర్ము చివర్లో "అదనపు మార్కుల పని" పుట్టుకొస్తుంది: చార్టు అతికించండి, 3 మార్కులు. ఆ చార్టుకూ భిన్నాలకూ ఏ సంబంధమూ ఉండదు.

భారత్వ పట్టిక

"పై గ్రేడు 10 శాతం మందికి మించి ఇవ్వకూడదు" అనే బడులూ ఉన్నాయి. అక్కడ ప్రశ్నపత్రం పని వేరు. అందరికీ వచ్చిందా అని చూడటం కాదు, అందరినీ విడదీయడం. ప్రశ్న మంచిదా కాదా అని తేల్చడానికి విచక్షణ సూచిక (బాగా వచ్చినవాళ్లను, రానివాళ్లను ప్రశ్న ఎంత విడదీస్తుందో చెప్పే అంకె) వాడతారు. మార్కుల వరుసలో పై 27 శాతం, కింది 27 శాతం తీసుకుంటారు. 40 మందిలో 11, 11. ఒక ప్రశ్న పైవాళ్లలో 9 మంది, కిందివాళ్లలో 3 మంది సరిగ్గా రాస్తే (9 − 3) ÷ 11 = 0.55. మంచి ప్రశ్న. 40కి 40 మంది సరిగ్గా రాస్తే సూచిక సున్నా, ఆ ప్రశ్న తర్వాతి ఏడాది ఉండదు.

కానీ ఆ నలభై మందీ రాసిన ప్రశ్నే ఆ పాఠంలో కీలకమైనది కావచ్చు, టీచరు బాగా చెప్పినందుకే అందరికీ వచ్చి ఉండవచ్చు. సాపేక్ష గ్రేడింగ్‌లో బాగా చెప్పిన పాఠం ప్రశ్నపత్రం నుంచి జారిపోతుంది, సగం మంది తప్పే మెలికలు మిగులుతాయి. జట్టు పనులు కూడా అక్కడ నిలవవు. పక్కవాడికి నేర్పిస్తే తన స్థానం పోతుందని పిల్లలకు తెలుసు.

సుద్దముక్క

సరే. విధానం మార్చే అధికారం ఈ చర్చలో ఎవరికీ లేదనుకుందాం. 10 నమోదులు, 40:60, నూటికి లెక్క అలాగే ఉన్నాయి. ఆ గోడల మధ్య ఏం చేయవచ్చు?

ప్రయోగశాల

పదిని ఇలా పంచుకోవచ్చు. ఐదు నమోదులు 5 నిమిషాల స్లిప్ టెస్టులు, మూడేసి ప్రశ్నలు, దిద్దడం పేపరుకు అర నిమిషం. రెండు నమోదులు మౌఖికం, పైన చెప్పిన పద్ధతిలో. సాఫ్ట్‌వేర్‌లో "టెస్టు" గడిలోనే ఎక్కించండి, శీర్షికలో మౌఖికం అని రాయండి. మిగతా మూడు ఒకే పెద్ద పని నుంచి: ప్రయోగ ప్రణాళిక, చేసిన తీరు, తుది నివేదిక.

దిద్దుబాటు లెక్క: 5 × 200 × అర నిమిషం = 500 నిమిషాలు. ప్రణాళిక ఒక నిమిషం, నివేదిక 4 నిమిషాలు: 5 × 200 = 1,000. మౌఖికం, ప్రయోగం తరగతిలోనే అయిపోతాయి. మొత్తం 25 గంటలు, వందకు బదులు. మౌఖికానికీ పరిశీలనకూ తరగతి సమయం పోతుంది, అది దాచను.

హోమ్‌వర్క్‌కు మార్కు వద్దు. దాని బదులు మర్నాటి స్లిప్ టెస్టులో మూడో ప్రశ్న హోమ్‌వర్క్ నుంచే, ఒక్క షరతు మార్చి. ఇంట్లో చేసినవాళ్లకు తెలిసిపోతుంది, చూసి రాసినవాళ్లకు తెలియదు.

నిలువు గీత

ఒకే పని నుంచి మూడు మార్కులు తీస్తే ఒకే ఆధారాన్ని మూడుసార్లు లెక్కేసినట్టే కదా? ప్రణాళిక తప్పితే మిగతా రెండూ తప్పుతాయి.

ప్రయోగశాల

నిజమే. అందుకే ప్రణాళిక దిద్దిన మర్నాడు సరిచేసిన ప్రణాళిక నమూనా అందరికీ ఇవ్వాలి. రెండో మెట్టు అక్కడి నుంచి మొదలవుతుంది. మొదటి తప్పు మొదటి గడిలోనే ఆగిపోతుంది. మూడింటికీ వేరే వేరే రూబ్రిక్ (ఏ మెట్టుకు పని ఎలా ఉండాలో చెప్పే పట్టిక) ఉండాలి, "శుభ్రత" అనే వరుస మూడింట్లోనూ కనబడితే తీసేయండి.

రూబ్రిక్ రాసుకోవడంతో పని అయిపోదు. ఒకే సబ్జెక్టు టీచర్లు ఆరు పేపర్లు తీసుకోవాలి: బాగున్నవి రెండు, నడిమివి రెండు, బలహీనమైనవి రెండు. మార్కు పక్కవాళ్లకు కనబడకుండా ఎవరికి వాళ్లు దిద్దాలి. ఒక మెట్టు కంటే ఎక్కువ తేడా వచ్చిన పేపరు దగ్గర ఆగి, ఎందుకో మాట్లాడుకుని, తేలినదాన్ని రూబ్రిక్ కిందే ఒక వాక్యంగా రాసిపెట్టాలి. నలభై నిమిషాల పని. ఇది లేకపోతే 28 నుంచి 95 మళ్లీ ఇక్కడే చూస్తాం.

హాజరు పట్టీ

చర్చంతా చదివాను. నాలుగు మెట్ల రూబ్రిక్ వాడితే చివరికి నూటికి ఎలా మార్చాలి? 4కు 3 అంటే 75 అని ఎక్కిస్తే సరిపోతుందా?

మధ్యగతం

సరిపోదు. 3 అంటే "సొంతంగా చేయగలదు" అని మీరే రాసుకున్నారు, అది 75గా కనబడుతుంది. 2 అంటే "సాయంతో చేయగలదు", అది 50 అయి ఫెయిలవుతుంది. భాగహారం మీ బదులు నిర్ణయం తీసేసుకుంది. ముందు ఏ మెట్టు పాస్ అన్నది తేల్చుకోండి, తర్వాత పట్టిక వేయండి: 4కు 95, 3కు 82, 2కు 65, 1కి 50. అంకెలు మీ బడి గ్రేడు గీతలను బట్టి మారతాయి. పట్టిక మాత్రం టర్ము మొదట్లోనే ఖాయం కావాలి, రిపోర్టు కింద అచ్చు కావాలి.

ఇంకొకటి. ఒకే అభ్యసన ఫలితానికి వరుసగా 1, 1, 2, 3, 3, 3 వస్తే సగటు 2.17. చివరి మూడు చూస్తే 3. ఈ రెండోదే నిజానికి దగ్గర. కానీ "చివరివి చూడాలి" అంటే అదే ఫలితాన్ని టర్ములో కనీసం మూడుసార్లు పరీక్షించాలి. పది నమోదుల్లో మూడు ఫలితాలకు మించి పట్టవు. ఏ మూడు అన్నది పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడే ఎంచుకోవాలి, మార్కులు ఎక్కించేటప్పుడు కాదు.

హాజరు పట్టీ

అసలు ఇవ్వనివాళ్లకు పట్టికలో ఏ అంకె? కింద వరుస ఖాళీగా ఉంది.

మధ్యగతం

ఖాళీగానే ఉంచండి. సాఫ్ట్‌వేర్ ఖాళీని సున్నాగా కలుపుతుందో, వదిలేస్తుందో మాత్రం ముందే ఒక డమ్మీ పేరు మీద పరీక్షించి చూడండి. కొన్ని కలిపేస్తాయి, తెర మీద మాత్రం ఖాళీగానే చూపిస్తాయి.